‘అందరి జపనీసు’ ఎందరిది?

ఆరంభశూరత్వం ఆంధ్రుల సొత్తని మనకి మనమే ఒక బిరుదు తగిలించుకున్నాం. ముచ్చటపడి హార్మోనియం కొనడం, ఏడాది తిరక్కుండా దాని మీద మడతపెట్టిన దుప్పట్లు పేర్చడం - ఇలాంటి కథ ఒక్కటైనా లేని ఇల్లు మనలో అరుదు. అయితే ఈ కీర్తి మన ఒక్కరిదే కాదు సుమండీ. జపానువాళ్ళకీ ‘మిక్క బోజు’ అని ఒక మాట ఉంది. మూడు రోజుల సన్యాసి అని దానర్థం. గుండు గీయించుకుని మఠంలో చేరి, నాలుగో రోజు చన్నీళ్ళ స్నానానికి జడిసి ఇంటి దారి పట్టే రకం అన్నమాట.

ఇప్పుడు మన ఇళ్ళల్లో జపనీసు పుస్తకం కనిపించడం వింతేమీ కాదు. కొడుకో కూతురో టోక్యోలో ఉద్యోగం చేస్తూంటారు. ఆ నగరంలో ఎదోగావా వార్డులోని నిషి కసాయ్ అయితే భారతీయులకి పెట్టింది పేరు. పురిటికి సాయం వెళ్ళే తల్లులున్నారు. ఆయనకి బదిలీ అయిందని తన ఉద్యోగం మానుకుని వెంట వెళ్ళే భార్యలున్నారు. అక్కడి ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పని కోసం నేర్చుకునే ఆడపిల్లలున్నారు. ఏ అవసరమూ లేకపోయినా జపాను సినిమాలూ బొమ్మల కథలూ చూసి ఆ భాష మీద మనసు పడ్డవాళ్ళూ ఉన్నారు. మొదటి నెల ఉత్సాహం చెప్పనలవి కాదు. హిరగానా అక్షరాలు 46 ఒక కాగితం మీద రాసి వంటింటి అలమార తలుపుకి అంటిస్తారు. మూడో నెలకి ఆ కాగితం మీద తిరగమోత చుక్కలు పడతాయి. అయిదో నెలకి కాగితమే ఊడి కింద పడుతుంది.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చే సలహా ఒక్కటే - “పట్టుదల ఉండాలమ్మా!” సలహా ఇచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఆవిడ మాత్రం ఆ మాట పట్టుకుని రాత్రి పడుకునేటప్పుడు తీర్పు రాసేసుకుంటుంది: “ఈ వయసులో నా బుర్రకి ఎక్కదులే.”

నా అభ్యంతరమల్లా ఈ తీర్పు మీదే. పుస్తకం పోతే పోయింది, ఈ తీర్పు మనిషితో ఉండిపోతుంది. రేపు ఆవిడ కారు నడపడం నేర్చుకోవాలన్నా, వీణ పట్టాలన్నా ఇదే అడ్డం నిలబడుతుంది. ఒక నవల యాభై పేజీల తర్వాత చదవబుద్ధి కాకపోతే పాఠకురాలికి పట్టుదల లేదంటామా, రచయితకి చేతకాలేదంటామా? పాఠ్యపుస్తకానికి మాత్రం ఈ న్యాయం ఎందుకు వర్తించకూడదు? పట్టుదల అంటే పట్టుకుని ఉండడమే కదా. పట్టుకోవడానికి గిన్నెకి ఒక పిడంటూ ఉండాలి. పిడి లేని గిన్నె చేతికిచ్చి, జారవిడిచావేమని కోప్పడితే ఎలా? అంచేత ఈసారి చదివే మనిషిని వదిలిపెట్టి, పుస్తకాన్ని బోనులో నిలబెడదాం.

పెద్దవయసులో జపనీసు నేర్చుకునేవాళ్ళకి ప్రపంచమంతటా బాగా పరిచయమైన పుస్తకం ‘మిన్న నొ నిహొంగొ’. ‘అందరి జపనీసు’ అని ఆ పేరుకి అర్థం. త్రీ-ఏ నెట్‌వర్క్ అనే ప్రచురణ సంస్థ 1998లో తెచ్చింది. 2012 నుంచి సవరించిన కూర్పు వస్తోంది. ప్రాథమిక భాగాలు రెండు, ఒక్కొక్కదానిలో 25 పాఠాలు, వెరసి 50. మూలగ్రంథమంతా జపనీసులోనే ఉంటుంది. వివరణల సంపుటం వేరే, అది పలు భాషల్లో దొరుకుతుంది.

దీన్ని నవలలా చదివితే కథానాయకుడు మైక్ మిల్లర్ అనే అమెరికన్. ఐ.ఎం.సి. అనే కంపెనీలో ఉద్యోగి. గుప్తా అని మన దేశం ఆయన కూడా అదే కంపెనీలో పనిచేస్తూంటాడు. జర్మనీ ఇంజనీరు, చైనా డాక్టరు, ఇండొనేషియా విద్యార్థిని - అందరూ బుద్ధిమంతులే. మిల్లర్ గారికి మొదటి భాగం చివర టోక్యో బదిలీ అవుతుంది, రెండో భాగం చివర ఉపన్యాసాల పోటీలో మొదటి బహుమతి వస్తుంది. ఈ 50 పాఠాల్లో ఆయనకి ఒక్కసారి కూడా విసుగు పుట్టదు. నేర్చుకున్నది మరిచిపోయి తల పట్టుకోడు. తలనొప్పి వచ్చినా వ్యాకరణబద్ధంగానే వస్తుంది. మనం మాత్రం పోపు మాడుతూంటే ఆయన వెనకాల పరిగెత్తాలి.

వేళాకోళానికి అన్నాను గాని, ఈ పుస్తకం గుణాలు తక్కువవి కావు. ఒక పాఠంలో ఒక మెట్టు, ఆ మెట్టు గట్టిపడ్డాకనే రెండోది. ఇంత క్రమంగా కట్టిన పాఠ్యపుస్తకాలు ఎక్కువ లేవు. దోషం ఎక్కడుందంటే పుట్టుకలో ఉంది. దీనికి అక్కగారు లాంటి పుస్తకం ఇంకొకటి ముందే ఉంది. పరిశ్రమల్లో శిక్షణ కోసం జపాను వచ్చే విదేశీ సాంకేతిక సిబ్బందికని తయారుచేసినది. ఆ వరుసనే ‘అందరి’ కోసం సాగదీశారు. ఆ సంగతి మొదటి పాఠం మాటల పట్టికలోనే తెలిసిపోతుంది: ఉపాధ్యాయుడు, కంపెనీ ఉద్యోగి, బ్యాంకు ఉద్యోగి, వైద్యుడు, పరిశోధకుడు! పాత్రల్లో ఇల్లాలు లేకపోలేదు. మరియా సాంతోస్ అనే బ్రెజిల్ ఆవిడ ఉంది, పాపం. కాని దీపం వెలుగంతా మిల్లర్ గారి బల్ల మీదే.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. జపనీసులో మనలాగే ‘మీరు’ మాటలు వేరు, ‘నువ్వు’ మాటలు వేరు. గౌరవంగా చెప్పేటప్పుడు క్రియ ఒక రూపంలో, ఇంట్లో చనువుగా చెప్పేటప్పుడు మరో రూపంలో ఉంటుంది. ఈ పుస్తకం గౌరవరూపంతో మొదలుపెడుతుంది. చనువు మాటలకి వచ్చేసరికి 20వ పాఠం. కారణం ఉంది, కాదనను. కొత్తగా వచ్చినవాడు పొరపాటున పైఅధికారిని ‘ఏరా’ అనకుండా కాపాడాలి కదా! ఆఫీసుకి వెళ్ళేవాడికి అది మంచి రక్షణే.

మరి మనవణ్ణి ఎత్తుకోవడానికి వెళ్ళిన అమ్మమ్మగారి మాటేమిటి? 19 పాఠాలు కష్టపడి చదివిన ఆవిడ పోస్టాఫీసు గుమాస్తాతో మర్యాదగా మాట్లాడగలదు. పార్కులో పక్కన కూర్చున్న జపాను తల్లి తన పిల్లాడితో ‘రా, తిను, పడతావు’ అంటూంటే మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. మన భాష నేర్చుకునే పరాయిదేశపు మనిషికి ‘దయచేయండి, భోంచేయండి’ మాత్రమే నేర్పి పల్లెటూరికి పంపామనుకోండి. ఆవిడ పిల్లిని కూడా ‘దయచేయండి’ అనే పిలుస్తుంది. పిల్లి రాదు. మనకెందుకు వచ్చిన భాష అని ఆవిడ ఊరుకుంటుంది. దీనికి పట్టుదల తక్కువైందని పేరు పెడదామా?

పుస్తకం తర్వాత రెండో ముద్దాయి లెక్కలు. అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకి భాషలు నేర్పే విద్యాసంస్థ ఒకటుంది. వాళ్ళ లెక్క ప్రకారం జపనీసు అన్నింటికన్నా కష్టమైన భాషల జాబితాలో ఉంది. దానికి 88 వారాలు, 2200 గంటల తరగతులు కావాలి. ఈ అంకె చూసి గుండె జారిపోనివాళ్ళుండరు. ఇంటిపని అయ్యాక రాత్రి రోజుకో అరగంట చదివే ఇల్లాలు భాగహారం చేసుకుంటే పన్నెండేళ్ళు దాటుతుంది. అంతటితో పుస్తకం మూత పడుతుంది. కాని ఆ లెక్క ఎవరిదో ఆవిడకి ఎవరూ చెప్పరు. అది ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాళ్ళకి, దౌత్య వ్యవహారాలు నడిపే స్థాయికి చేరడానికి వేసిన లెక్క. పక్కింటావిడ కొలతలకి కుట్టిన జాకెట్టు మనకి పట్టలేదని మనం లావైపోయామని ఏడ్చినట్టుంది!

పరీక్షలూ అంతే. జపనీసు భాషా సామర్థ్య పరీక్ష 1984లో మొదలైంది. ఆ మొదటి ఏడాది ప్రపంచం మొత్తం మీద ఏడువేలమంది రాశారు. అప్పట్లో నాలుగు మెట్లు, 2010 నుంచి అయిదు. ఉద్యోగం కోసం, వీసా కోసం వెళ్ళేవాళ్ళకి ఆ సర్టిఫికెట్టు అన్నం పెడుతుంది, దాన్ని తీసిపారెయ్యడానికి వీల్లేదు. కాని అందులో మాట్లాడే భాగం లేదు, సొంతంగా నాలుగు వాక్యాలు రాసే భాగమూ లేదు. ఇచ్చిన జవాబుల్లో ఒకటి గుర్తించడమే. ఉత్తీర్ణులైనవాళ్ళంతా మాట్లాడగలరని లేదు, తప్పినవాళ్ళంతా మూగవాళ్ళనీ లేదు. ఉద్యోగం అక్కర్లేని మనిషి కూడా ఆ మెట్లనే లెక్కపెట్టుకుని కుంగిపోవడం ఎందుకో నాకు బోధపడదు. ఫోనులో పాఠాలు చెప్పే డుయోలింగో వగైరాలు వరసగా ఎన్ని రోజులు చదివామో లెక్కపెట్టి చూపిస్తాయి. అదీ ఒక మేరకి మంచిదే. కాని ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చి ఒక రోజు తప్పితే, నూరు రోజుల వరస తెగిందని పుస్తకమే వదిలేసినవాళ్ళున్నారు. నోము మధ్యలో ఇబ్బంది వస్తే మన పెద్దవాళ్ళు మరుసటి వారానికి వాయిదా వేసుకునేవారు. నోమే మానేసేవారు కాదు.

ఇక మూడో ముద్దాయి. అసలు దొంగ ఇదేనని నా అనుమానం. మనలో జపనీసు నేర్చుకునేవాళ్ళు సాధారణంగా పట్టుకునేది ఇంగ్లీషు వివరణ సంపుటం. తెలుగు నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి జపనీసుకి - విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళడానికి ఢిల్లీ మీదుగా టిక్కెట్టు కొన్నట్టు!

ఒక మామూలు మాట తీసుకోండి. ‘నేను నిన్న బజారులో కూరలు కొన్నాను.’ జపనీసులో ఇది ‘వతషి వ కినో ఇచిబ దె యసాయ్ ఒ కైమషిత’ అవుతుంది. వతషి అంటే నేను, కినో అంటే నిన్న, ఇచిబ అంటే బజారు, ‘దె’ మన ‘లో’. యసాయ్ అంటే కూరలు, వెనకున్న ‘ఒ’ మన ‘ను’ ప్రత్యయం. కైమషిత అంటే కొన్నాను. ఏ మాటా చోటు మారలేదు చూశారా? అదే ఇంగ్లీషులో చెప్పాలంటే ‘కొన్నాను’ని లాక్కొచ్చి ముందు పెట్టాలి, ‘లో’ని బజారుకి ముందు తగిలించాలి. ఒకసారి తలకిందులు చేసిన వాక్యాన్ని మళ్ళీ తలకిందులు చేసి జపనీసు చేసుకుంటున్నాం. రెండుసార్లు శీర్షాసనం వేస్తే తల తిరగదా మరి?

ఇంగ్లీషు పుస్తకాలు పేజీలకి పేజీలు హెచ్చరించే విషయాలు మనకి అసలు విషయాలే కావు. దీర్ఘం తేడాతో అర్థం మారుతుంది జాగ్రత్త అంటాయి. ‘ఒబసాన్’ అంటే అత్తయ్య వరస ఆవిడ, ‘ఒబాసాన్’ అంటే మామ్మగారు. దీర్ఘం సంగతి మనకొకరు చెప్పాలా? ఒత్తు తేడా వస్తే ఇంకో మాట అవుతుంది అంటాయి. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ళ. ‘గది’కీ ‘గద్ది’కీ తేడా తెలిసిన మనకి ఇదొక లెక్కా? ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడాలన్నీ మసకబారతాయి. తెలుగులో రాసుకుంటే కళ్ళకి కట్టినట్టుంటాయి. అక్షరాల వరస కూడా మనదే. అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం మన దేశపు సిద్ధం లిపి నేర్చుకున్నారు, ఆ చదువులోంచి వచ్చిన వరస ఇది. పెద్దబాలశిక్ష చదివిన బామ్మగారు కూడా ‘ఇది మన గుణింతంలా ఉందే’ అంటుంది.

చాలామంది ఆగిపోయే చోటు 14వ పాఠం. ‘తె’ రూపం అని ఒకటి వస్తుంది. ఏ క్రియకి ఏ మార్పు వస్తుందో పెద్ద పట్టిక ఉంటుంది, ఇంగ్లీషు వివరణకి అది కొరుకుడు పడదు. అది మరేమిటనుకున్నారు? మన వ్యాకరణంలో క్త్వార్థకం! చేసి, వెళ్ళి, తిని, కొని - అంతే. ఇల్లాలి దినచర్య అంతా అందులోనే కదా ఉంది: లేచి, మొహం కడుక్కుని, పాలు కాచి, కాఫీ ఇచ్చి, వంట చేసి, క్యారేజీలు సర్ది... వాక్యం ఎక్కడా ఆగదు, ఆవిడా ఆగదు. జపనీసులోనూ అదే వరస. ‘ఒకితె’ అంటే లేచి, ‘నొందె’ అంటే తాగి, ‘త్సుకుత్తె’ అంటే చేసి. ఎన్నైనా గొలుసుకట్టుగా కలుపుకుంటూ పోవచ్చు.

ఇంకా తమాషా ఏమిటంటే, కూర రుచి చూడమంటే మనం ‘తిని చూడు’ అంటాం. వాళ్ళూ ‘తబెతె మితె’ అంటారు - తిని, చూడు! చుట్టాలొస్తారని ముందే పాలు ‘కొని ఉంచు’ అంటాం. వాళ్ళూ ‘కత్తె ఒఇతె’ అంటారు - కొని, ఉంచు! ఈ రెండూ పుస్తకంలో రెండో భాగానికి గాని రావు, మొదటిది 40వ పాఠం దాకా ఆగాలి. తెలుగావిడకి మొదటి వారంలోనే చెప్పొచ్చు. అన్నింటికన్నా నాకు నచ్చింది ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పటి మాట. మనం ‘వెళ్తాను’ అనం, అశుభం. ‘వెళ్ళొస్తాను’ అంటాం. జపాను ఇంట్లో ప్రతి ఉదయం వినపడే మాట ‘ఇత్తె కిమస్’. ఇత్తె అంటే వెళ్ళి, కిమస్ అంటే వస్తాను. లోపలినుంచి ‘వెళ్ళి రండి’ అనే అర్థంతోనే జవాబూ వస్తుంది. దీనికి ఇంగ్లీషులో సరైన మాట వెతికి వేసారిపోతాం. మనకి అనువాదమే అక్కర్లేదు.

ఇది చూసి రెండు భాషలూ అక్కచెల్లెళ్ళని తీర్మానించకండి. ఓనో సుసుము అనే భాషావేత్త జపనీసుకీ తమిళానికీ చుట్టరికం ఉందని చాలాకాలం వాదించారు గాని, భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం గొడవ మనకెందుకు? పొరుగింటి పోలిక చాలు, మొదటి ఏడాది కాలికి ముల్లు గుచ్చుకోకుండా నడవడానికి.

మొదటి ఏడాది అని ఎందుకన్నానంటే, ఈ దగ్గరితనం ఒకచోట ఆగిపోతుంది. అది చైనా నుంచి వచ్చిన బొమ్మల అక్షరాల దగ్గర - కంజి. నిత్యవ్యవహారానికని జపాను ప్రభుత్వం 2010లో సవరించిన పట్టికలో ఇవి 2136 ఉన్నాయి. ఒక్కో అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలు. ఇక్కడ తెలుగు మనల్ని కాపాడదు, దాచడమెందుకు? కాని ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ భాషలోనే పుట్టి పెరిగిన జపాను పిల్లలకి ఆరేళ్ళ ప్రాథమిక పాఠశాల చదువులో నేర్పేవి 1026 అక్షరాలు మాత్రమే. ఆరు నెలల్లో రాలేదని నలభై ఏళ్ళ మనిషి తనని తాను తిట్టుకోవడం అన్యాయం.

కంజి కోసం జేమ్స్ హైసిగ్ అనే ఆయన 1977లో మొదటిసారి వేసిన పుస్తకం చాలా పేరుపొందింది. ప్రతి అక్షరానికీ ఒక ఇంగ్లీషు మాట, ఒక చిన్న కథ కల్పించి గుర్తుపెట్టిస్తారాయన. కథ చెప్పి గుర్తుపెట్టించడం భేషైన పద్ధతి. కాని మొదటి సంపుటమంతా పూర్తిచేసినా ఒక్క అక్షరం ఎలా పలకాలో చెప్పరు, అది తర్వాతి సంపుటం పని. వంటింట్లో రెండువేల డబ్బాలకి చీటీలు అంటించి, లోపల ఏమీ పోయకుండా మూతలు పెట్టినట్టు. ఓర్పుగలవాళ్ళకి మంచిదేమో గాని, ఇవాళ వండుకోవలసినవాళ్ళకి పనికిరాదు.

ఆయన కథలెందుకు, మన కథలు మనం అల్లుకోలేమా? ఇంటి కప్పు కింద స్త్రీ బొమ్మ వేస్తే ‘ప్రశాంతం’ అనే అక్షరం. బాగుంది కదూ? ఆగండి, అదే అక్షరానికి ‘చవక’ అనే అర్థం కూడా ఉంది! ఇల్లాలిని ‘షుఫు’ అంటారు. అందులో మొదటి అక్షరం యజమాని, రెండోదాంట్లో స్త్రీ పక్కన చీపురు. భర్తని ‘షుజిన్’ అంటారు. అందులోనూ మొదటి అక్షరం అదే యజమాని, రెండోది మనిషి. యజమానిత్వం ఇద్దరికీ పంచారు గాని, చీపురు మాత్రం ఒకరికే ఇచ్చారు. ఈ సంగతి విన్నాక ఆ అక్షరాలు మరిచిపొమ్మన్నా మరిచిపోలేం. కోపం కూడా జ్ఞాపకశక్తికి మంచి మందే.

ఇంతకీ మధ్యలో మానకుండా నేర్చుకున్నవాళ్ళు ఎలా నేర్చుకున్నారు? జపాను సాహిత్యాన్ని ఇంగ్లీషు ప్రపంచానికి పరిచయం చేసిన డొనాల్డ్ కీన్ సంగతి చూడండి. 1940లో న్యూయార్కులో ఒక పుస్తకాల షాపులో చవగ్గా వస్తోంది కదా అని 49 సెంట్లు పెట్టి ‘గెంజి కథ’ అనువాదం కొన్నాడు. ఆ కథ ఆయన్ని వదల్లేదు. జపనీసు నేర్చుకుని, దాన్నే జీవితం చేసుకుని, 2012లో 89 ఏళ్ళ వయసులో జపాను పౌరసత్వం తీసుకున్నాడు. ఎదురు దిశలోనూ ఇదే జరిగింది. మన ‘ఆర్.ఆర్.ఆర్.’ 2022 అక్టోబరులో జపానులో విడుదలయ్యాక ఆ హీరోల మీది అభిమానంతో తెలుగు నేర్చుకున్న జపాను మహిళలున్నారు. 2025లో సినిమా ప్రచారానికి వెళ్ళిన ఎన్టీఆర్‌తో ఒక అభిమాని తెలుగులోనే మాట్లాడితే ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆవిడకి పట్టుదల గురించి ఎవరు ఉపన్యాసమిచ్చారు? భాషకి అవతల తనకి కావలసింది ఒకటుంది, అంతే.

ఆ ‘గెంజి కథ’ రాసింది కూడా ఒక స్త్రీయే, మురసాకి షికిబు. వెయ్యేళ్ళ కిందటి మాట. ఆ రోజుల్లో చైనా అక్షరాల చదువు మగవాళ్ళది. అన్న వరసో తమ్ముడి వరసో గాని, తోడబుట్టినవాడికి తండ్రి పాఠం చెబుతూంటే పక్కన కూర్చుని వింటూ ఆ పిల్లవాడికంటే ముందే పట్టేసేదట ఈవిడ. ఇది మగపిల్లవాడు కాకపోయెనే అని తండ్రి విచారించాడట. ఈ సంగతి ఆవిడ డైరీలోనే ఉంది. పెద్దయ్యాక, నలుగురూ ఏమనుకుంటారోనని ‘ఒకటి’ అనే అడ్డగీత అక్షరం కూడా రానట్టు నటించేదట. ఆవిడ కొలువు చేసిన షోషి మహారాణి తనకీ చైనా కవిత్వం నేర్పమని అడిగితే, ఎవరూ లేని సమయం చూసి రహస్యంగా చెప్పేదట. రాణిగారికి పరీక్షా లేదు, ఉద్యోగమూ అక్కర్లేదు. కవిత్వం మీద ఆశ ఒక్కటే. దొంగచాటుగా నేర్చుకోవలసిన చోటే నిలబడిన చదువు, తలుపులన్నీ తెరిచి ఉన్న మన ఇంట్లో ఎందుకు నిలబడదు?

నా మటుకు నాకు తోచిన జవాబు ఇది. మన పుస్తకాలు జీతం ఏడాది చివర ఇస్తామంటాయి. ఇల్లు గడుపుకునే మనిషికి రోజుకూలి కావాలి. ఇవాళ నేర్చుకున్న మాట ఇవాళే ఎక్కడో చెల్లాలి. అందుకని పాఠ్యపుస్తకాన్ని తూచేటప్పుడు ఎన్ని పాఠాలు, ఎన్ని అక్షరాలు అని కాక, ఈ పూట చదివింది ఈ పూట ఖర్చుపెట్టుకోవడానికి వీలుందా అని అడగాలి. నా ఇల్లు, నా వంట, నా మనవడు ఇందులో ఉన్నారా అని అడగాలి. నా భాషలోంచి దీనికి అడ్డదారి ఉందా అని అడగాలి. ఈ తూకంలో ‘అందరి జపనీసు’ సగమే తూగుతుంది. మెట్లు గట్టివి, గుమ్మం మాత్రం ఆఫీసుది.

మరి దాన్ని అటక మీద పారేయమంటారా అంటే, అననండి. అంత క్రమంగా కట్టిన మెట్లు వదులుకోవడం తెలివితక్కువ. పుస్తకం ఉంచుకోండి, మిల్లర్ గారిని ఆయన ఆఫీసుకి పంపేసి ఆ వాక్యాల్లోకి మీరు వెళ్ళి కూర్చోండి. ఆయన బల్ల మీద డిక్షనరీ ఉందన్న చోట మీ గట్టు మీద ఇంగువ డబ్బా పెట్టండి. 14వ పాఠం వచ్చేదాకా ఆగకుండా రేపు ఉదయమే గుమ్మం దాటుతూ ‘ఇత్తె కిమస్’ అనండి. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి, వారం తిరక్కుండా వాళ్ళకీ వచ్చేస్తుంది. వివరణ చదివేటప్పుడు ప్రతి ఇంగ్లీషు వాక్యం పక్కనా దాని తెలుగు రాసుకోండి. సగం చిక్కుముడులు ఆ రాతలోనే విడిపోతాయి. ఒక వారం తప్పితే మరో వారం మొదలుపెట్టండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

తెలుగు నుంచి నేరుగా జపనీసుకి తీసుకెళ్ళే మంచి పాఠ్యపుస్తకం, ‘తిని చూడు’తో మొదలయ్యేది, మనలో ఎవరైనా రాస్తే నేను రెండు ప్రతులు కొంటాను. జపానులో ఉండి ఆ భాషతో రోజూ సంసారం చేస్తున్న మన ఆడవాళ్ళే అది రాయడానికి తగినవాళ్ళు.

వయసు మించిపోయిందని ఇంకా సందేహిస్తున్నవాళ్ళకి జపానువాళ్ళదే ఒక సామెత చెప్పి ముగిస్తాను. ‘రొకుజూ నొ తెనరాయ్’. అరవయ్యో ఏట అక్షరాభ్యాసం అని అర్థం. మూడు రోజుల సన్యాసికి పేరు పెట్టిన దేశమే, అరవై ఏళ్ళకి పలక పట్టినవాళ్ళకీ ఒక మాట దాచి ఉంచింది. రెండింటిలో మనకి ఏది తగునో పుస్తకం చేత చెప్పించుకోవడమెందుకు?